పొన్నంగి పిట్టను ఎక్కడ వదలాలి? బెజవాడ క్లినిక్‌లో పదకొండు రోజుల కేసు

విజయవాడలో చిన్న జంతువుల క్లినిక్ నడుపుతున్నాను. నా దగ్గరకొచ్చేవి చాలావరకు కుక్కలూ పిల్లులే. మధ్యమధ్యలో ఎవరో ఒకరు అట్టపెట్టెలో అడవి పక్షిని పట్టుకొస్తారు. మాంజా దారం కోసిన గద్ద, గూట్లోంచి జారిపడ్డ కోయిల పిల్ల, ఎండకు సొమ్మసిల్లిన గుడ్లగూబ. వాటిలో చాలావాటిని మర్చిపోయాను. ఈ పిట్టను మర్చిపోలేదు. దీనికి మందులు సరిగ్గానే ఇచ్చాను, వదిలే చోటు దగ్గర తప్పు చేశాను. ఆ తప్పు ఎలా జరిగిందో తోటి పశువైద్యులకు, పక్షుల్ని కాపాడే కుర్రాళ్లకు తెలిస్తే మేలని రాస్తున్నాను. తెచ్చినవాళ్ల వివరాలు, అపార్ట్‌మెంటు పేరు, ఏ ఏడాదో, అడవిలో కచ్చితంగా ఏ చోటో ఇక్కడ రాయలేదు. చోటు చెప్పకపోవడానికి వేరే కారణం కూడా ఉంది, అది తర్వాత చెబుతాను.

నేపథ్యం

మే రెండో వారం, కృత్తిక కార్తె. ఉదయం ఏడున్నరకే రోడ్డు మీద తారు మెత్తబడే ఎండలు. ఊరి శివార్లలో ఒక కొత్త అపార్ట్‌మెంటు నుంచి ఒక కుటుంబం చెప్పుల డబ్బా పట్టుకుని వచ్చింది. వాళ్లతో వాచ్‌మన్ భార్య కూడా వచ్చింది, పిట్టను ముందు చూసింది ఆవిడే కాబట్టి.

"తెల్లారుజామున ఊడుద్దామని చీపురు తీసుకెళ్తే మెట్ల దగ్గర పడుందమ్మా. కదల్లేదు. చచ్చిందనుకున్నా. కళ్లు మాత్రం ఆర్పుతా ఉంది. కాకులొస్తాయని బుట్ట బోర్లించా."

ఆ బుట్టే దాని ప్రాణం కాపాడింది. ఆ మాట ఆవిడకు అప్పుడే చెప్పాను.

డబ్బాలో గుప్పెడు బియ్యం, మూతలో కాసిని పాలు. పదేళ్ల బాబు పెట్టాడు. వాళ్ల నాన్న అనుమానం వేరు: "ఏ షాపులోంచో తప్పించుకొచ్చిన పెంపుడు పిట్ట అనుకుంటా మేడమ్. ఇన్ని రంగులు మన ఊరి పిట్టలకెక్కడివి?"

ఆ అనుమానాన్ని తేలిగ్గా తీసుకోలేం. పంజరంలో పుట్టిన పక్షయితే బయట వదలడమే దానికి చావు. అడవి పక్షయితే పంజరంలో ఉంచడం చావు, పైగా నేరం. కాబట్టి మొదటి నిర్ణయం వైద్యం గురించి కాదు, ఇదేమిటన్నది. మూత కొంచెం తీసి చూశాను. తల మీద గోధుమ రంగు, కంటి మీదుగా కాటుక దిద్దినట్టు నల్లటి వెడల్పు పట్టీ, తెల్లటి గొంతు, ఆకుపచ్చ వీపు, భుజం మీద మెరిసే నీలం, పొట్ట కింద ఎర్రటి మచ్చ. తోక ఉందా లేదా అన్నంత పొట్టి. కాళ్లు మాత్రం పొడుగు, నేల మీద బతికే పక్షి కాళ్లు. పొన్నంగి పిట్ట. హిందీలో నవరంగ్ అంటారు. అసలుసిసలు అడవి పక్షి.

బాబుకి ఒక సంగతి చెప్పాను, వాడి కళ్లు పెద్దవయ్యాయి. 1766లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ ఈ పక్షికి శాస్త్రీయ నామం పెట్టాడు. పొట్టి తోకది అనే అర్థం వచ్చే బ్రాకియూరా అన్న మాట అప్పుడొచ్చిందే. తర్వాత 1816లో వియ్యో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీని ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకి, పెట్టిన పేరు పిట్టా. అది మన తెలుగు 'పిట్ట'. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఈ కుటుంబంలో ఉన్న పక్షులన్నిటినీ ప్రపంచం ఇవాళ మన మాటతోనే పిలుస్తోంది.

బెజవాడలో మే నెలలో ఈ పక్షి కనబడటం వింతేమీ కాదు. చలికాలం దక్షిణ భారతంలో, శ్రీలంకలో గడిపి, వానాకాలానికి ముందు మధ్య భారతానికి, హిమాలయాల దిగువ అడవులకు గుడ్లు పెట్టడానికి వెళ్తుంది. ప్రయాణం రాత్రిపూట. పగలు ఎక్కడో చెట్ల నీడలో దిగి, రాలిన ఆకులు తిరగేసి పురుగులు తిని, చీకటి పడ్డాక మళ్లీ బయల్దేరుతుంది. పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ రెండు స్వరాల ఈల వేస్తుందని తమిళులు దీన్ని ఆరుమణి కురువి అంటారు.

ఇంకో ప్రశ్న అడిగాను, అపార్ట్‌మెంటు కట్టకముందు అక్కడేం ఉండేదని. వాచ్‌మన్ భార్యే చెప్పింది, మామిడి తోపట. ఆవిడ పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ తోపులోనే పుల్లలు ఏరుకునేదట. ఆ జవాబును కేసు షీట్ మీద రాసుకున్నాను కానీ, దాని అర్థం నాకు ఆరో రోజు దాకా తలకెక్కలేదు.

వచ్చినప్పటి స్థితి

బరువు 44 గ్రాములు. పెద్ద పొన్నంగి పిట్ట 47 నుంచి 66 గ్రాముల మధ్య ఉంటుంది. రొమ్ము ఎముక వేలికి కత్తి అంచులా తగిలింది, అంటే రెక్కల కండ కరిగిపోయింది. ఎడమ కన్ను సగం మూసుకుని ఉంది. మెడ కొద్దిగా ఎడమ పక్కకు వాల్చింది. ఎడమ రెక్క కుడిదానికంటే ఒక వేలెడు కిందకు దిగి ఉంది. ముక్కు రంధ్రం దగ్గర ఎండిన రక్తం, ఆవగింజంత. నోరు తెరిచి ఎగపోస్తోంది.

మూడు అనుమానాలు పెట్టుకున్నాను. అద్దానికి గుద్దుకోవడం, పిల్లి పట్టడం, వడదెబ్బ. పిల్లి సంగతి ముందు తేల్చాలి. పిల్లి పంటి గాటు సూదిమొనంత ఉన్నా ఆ లాలాజలంలోని బ్యాక్టీరియా రెండు రోజుల్లో పక్షిని చంపేస్తుంది, యాంటీబయాటిక్ వెంటనే మొదలుపెట్టాలి. ఈకలు పాయలు తీసి వీపంతా, రెక్కల కిందా వెతికాను. గాటు లేదు. మెట్ల పక్కన రెండంతస్తుల ఎత్తు అద్దం ఉందనీ, రాత్రంతా లోపల లైట్లు వెలుగుతాయనీ తెచ్చినవాళ్లు చెప్పారు. రాత్రి ఎగిరే పక్షుల్ని వెలుగు లాగుతుంది, తెల్లవారాక అద్దంలో ఆకాశం కనబడి మోసం చేస్తుంది. ముక్కు దగ్గర రక్తం, ఒకే పక్క వాలిన మెడ, రెక్క, అన్నీ అద్దం వైపే చూపించాయి.

రెక్క ఎముకలు చేత్తో తడిమాను. ఎక్కడా విరగలేదు. భుజం దగ్గర లోపలి ఎముక చేతికి అందదు, ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది. తీయలేదు. 44 గ్రాముల పక్షిని, తలకు దెబ్బ తగిలినదాన్ని, రెక్కలు చాచి పట్టి ఉంచితే ఆ బెదురుకే గుండె ఆగిపోవచ్చు. ఎక్స్‌రే ఏం చూపించినా మొదటి రోజు నేను చేసేది మారదు. ఏం దొరికినా వైద్యం మారనప్పుడు ఆ పరీక్ష వాయిదా వేయడమే మంచిదని నా పద్ధతి.

మొదటి రోజు

చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో పాత టవలు పరిచి, పిట్టను పెట్టి, మూత వేసి, కుక్కల అరుపులు వినబడని లోపలి గదిలో గంటసేపు వదిలేశాను. తెచ్చినవాళ్లకు నేనేమీ చేయడం లేదనిపించింది. ఆ గంట చీకటే మొదటి మందు.

వేడి ఇవ్వాలా వద్దా అని ఒక ఊగిసలాట. బక్కచిక్కిన పక్షికి మామూలుగా వెచ్చదనం ఇస్తాం. తలకు దెబ్బ తగిలితే వేడి మెదడు వాపును పెంచుతుంది. బయట ఎండ చూస్తే ఇక వేరే వేడి అక్కర్లేదు. ఏసీ 28 మీద పెట్టి ఊరుకున్నాను.

గంట తర్వాత సెలైన్ లాంటి రింగర్స్ ల్యాక్టేట్ గోరువెచ్చగా 2 మి.లీ. తొడ మడత దగ్గర చర్మం కింద ఎక్కించాను. నొప్పి, వాపు తగ్గించే మెలాక్సికామ్ దాని తర్వాతే, ఇంకో రెండు గంటలు ఆగి. ఒంట్లో నీళ్లు లేనప్పుడు ఈ మందు ఇస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. మోతాదు కిలోకి 0.5 మి.గ్రా. లెక్క, అంటే ఈ పిట్టకు 0.022 మి.గ్రా. కుక్కల సిరప్‌ను పదింతలు పల్చన చేస్తే తప్ప అంత చిన్న మోతాదు కొలవలేం. అలా పల్చన చేసినది 0.15 మి.లీ. ముక్కు అంచున చుక్కలుగా ఇచ్చాను. మెలాక్సికామే ఎందుకంటే, పక్షుల్లో దాని మీద నమ్మకం పెరగడానికి రాబందులు కారణం. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఇచ్చిన పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పాడై గుంపులు గుంపులుగా చచ్చాయి. 2006లో మన దేశంలో పశువులకు ఆ మందు నిషేధించాక దాని స్థానంలోకి వచ్చింది ఇదే. స్టెరాయిడ్ ఇవ్వలేదు. పదిహేనేళ్ల కిందట తలకు దెబ్బ అనగానే డెక్సా అనే స్టెరాయిడ్ పొడిచేవాళ్లం. పక్షుల్లో అది రోగనిరోధక శక్తిని అణచి, తర్వాత బూజు జబ్బు తెచ్చిపెడుతుంది.

అటవీ శాఖ వాళ్లకు ఆ పూటే ఫోన్ చేసి చెప్పాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న పక్షి ఇది. వైద్యం కోసమైనా చెప్పకుండా దగ్గర ఉంచుకోకూడదు.

సాయంత్రానికి రెండు కళ్లూ తెరిచింది. మెడ నిటారుగా వచ్చింది. ఇంక గట్టెక్కిందనుకున్నాను.

తినని పిట్ట

రెండో రోజు 42 గ్రాములు. మూడో రోజు 41.

అక్వేరియం షాపు నుంచి మీల్‌వార్మ్స్ అనే మేత పురుగులు తెప్పించి తెల్లటి గిన్నెలో పెట్టాను. లవ్‌బర్డ్స్ పంజరంలో గిన్నె ఒక మూల, పిట్ట ఇంకో మూల. ఆరు గంటలు అలాగే నిలబడింది. మనిషి అడుగు వినబడితే నిట్టనిలువునా ఎగిరి పైకప్పు కమ్మీలకు గుద్దుకుంది. నుదుటి మీద చర్మం లేచింది, తోక ఈకల్లో రెండు విరిగాయి. బలవంతంగా నోరు తెరిచి పురుగు పెట్టాను, మింగి, నిమిషంలో కక్కేసింది. రెండోసారి ప్రయత్నించలేదు. ఇలాంటి పక్షిని పట్టుకున్న ప్రతిసారీ అది ఖర్చు చేసే బలం, మనం పెట్టే పురుగు ఇచ్చే బలంకంటే ఎక్కువ.

పంజరం తీసేశాను. మా అసిస్టెంటు కుర్రాడు ఇంటికెళ్లి, వాళ్ల పాపాయి పడుకునే మడత దోమతెర తెచ్చాడు. గొడుగులా తెరుచుకునేది, గోడలన్నీ మెత్తటి వల. గుద్దుకున్నా దెబ్బ తగలదు. చిన్న పక్షులకు ఇంతకంటే మంచి గూడు నేను ఇంతవరకు చూడలేదు.

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే, దానికి ఆకలి లేక కాదు, అక్కడున్నది తిండి అని దానికి తెలియడం లేదనిపించింది. ఈ పక్షి పుట్టినప్పటి నుంచి తిండిని గిన్నెలో చూడలేదు. రాలిన ఆకును ముక్కుతో తిరగేస్తే దాని కింద కదిలేది ఏదో, అది తిండి. ఆకు లేకపోతే వెతుకులాట లేదు. పొద్దున్నే కుర్రాడు బస్తా పట్టుకుని బయల్దేరాడు. రోడ్ల పక్కన ఎండుటాకులు దొరకలేదు, ఊడ్చి తగలబెట్టేశారు. చివరికి ఒక పాత బడి ఆవరణలో కానుగ, మామిడి చెట్ల కింద దొరికాయి. దోమతెర అడుగున జానెడు మందాన పరిచి, నీళ్లు చిలకరించాం.

వర్మీకంపోస్టు అమ్మే చోటు నుంచి ఎర్రటి వానపాములు తెచ్చి ఆకుల్లో వదిలాను. పిట్ట ఒకదాన్ని పట్టింది. వెంటనే వదిలేసి, ముక్కును రెండు వైపులా పుల్లకు రుద్దుకుంది. ఆ ఎరువు వానపాముకు ఐసీనియా ఫెటిడా అని పేరు, ఫెటిడా అంటేనే కంపు కొట్టేదని. పట్టుకుంటే ఒంట్లోంచి చెడ్డ ద్రవం వదులుతుంది. పుస్తకంలో చదివిన సంగతే, పిట్ట ముక్కు తుడుచుకుంటే గాని గుర్తు రాలేదు.

అప్పుడు కృష్ణ కరకట్ట లోపలి అరటి తోటలకు వెళ్లాను. నీళ్లు పెట్టిన బోదెల్లో గునపం వేస్తే మామూలు మట్టి వానపాములు వస్తాయి. తోట రైతు పెద్దాయన నవ్వాడు. "డాక్టరమ్మా, నీకెందుకమ్మా ఎర్రలు? చేపలు పడతావా?" సంగతి చెప్పాక ఆయనే తవ్విచ్చాడు. గట్టు మీద పడున్న చెద పట్టిన కొయ్య ముక్క చూపించి, "ఇది కూడా పట్టుకుపో, మా కోళ్లు దీనికోసం కొట్టుకు చస్తాయి" అన్నాడు.

పనిచేసింది ఆ కొయ్య ముక్కే. ఆకుల మీద దాన్ని విరిచాను. చెదలు చిందరవందరగా ఆకుల కిందకు పాకాయి. గది బయటకొచ్చి తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాను. నాలుగైదు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఒక గెంతు. ఇంకో గెంతు. తల వంచి, చెవి ఒగ్గినట్టు ఆగి, ఎండిన మామిడాకు అంచు ముక్కుతో పట్టి పక్కకు విసిరింది. ఆ ఆకు తిరగబడ్డ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. పది నిమిషాల్లో ఇరవై ముప్పై ఆకులు తిరగేసింది. చెదలయ్యాక వానపాముల దగ్గరకెళ్లింది.

నాలుగో రోజు 43. ఐదో రోజు 46. ఆరో రోజు 48.

మొదటిసారి వదిలినప్పుడు

ఇక్కడ నా తప్పు. తొందర పడ్డానికి కారణాలు లేకపోలేదు. బరువు మామూలు పరిధిలోకి వచ్చింది. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు ఎగురుతోంది. ఈ పక్షులు వలస దారిలో ఉన్నాయి, ఎన్ని రోజులు ఆపితే అంత ఆలస్యం. రక్షించిన పక్షిని దొరికిన చోటుకు దగ్గర్లోనే వదలడం అందరం పాటించే నియమం.

దొరికిన చోట చెట్టు లేదు. అందుకని దానికి దగ్గర్లో ఉన్న ఒక పార్కు ఎంచుకున్నాను. పెద్ద చెట్లు ఉన్నాయి, నీడ ఉంది, ప్రహరీ ఉంది. ఆరో రోజు సాయంత్రం ఐదింటికి పెట్టె తెరిచాం. పిట్ట నేలబారుగా పది మీటర్లు ఎగిరి, కత్తిరించిన పొదల కింద దిగింది. అక్కడ నేల నున్నగా ఊడ్చి ఉంది. ఒక్క ఆకు లేదు. రెండు నిమిషాల్లో ఒక కాకి చూసింది, ఐదు నిమిషాల్లో పది కాకులు చేరాయి. పిట్ట కొమ్మ మీదకు ఎగరబోయి, ఎత్తు అందక, గోడకు రాసుకుంటూ కింద పడింది. కుర్రాడు తువ్వాలు విసిరి పట్టాడు. ఇంకో నిమిషం ఆలస్యమైతే దక్కేది కాదు.

రెండు తప్పులు కలిశాయి. ఒకటి, నాలుగు మీటర్ల గదిలో అడ్డంగా ఎగరడం చూసి రెక్క బాగైందనుకున్నాను. పైకి లేవడానికి కావలసిన బలం వేరు, దాన్ని పరీక్షించనే లేదు. రెండోది, చెట్లు చూశాను గాని చెట్ల కింద చూడలేదు. మన కంటికి పార్కు పచ్చగా ఉంటుంది. ఈ పిట్ట బతికేది మోకాలి ఎత్తులోపు. తుప్పలు కత్తిరించి ఆకులు ఊడ్చేసిన చోట ఎంత పెద్ద చెట్టున్నా దానికి దాక్కునే చోటూ లేదు, తిండీ లేదు. మూడు రోజుల కిందట దోమతెరలో ఆకులు పరిచి నేనే ఈ పాఠం నేర్చుకున్నాను. గదిలో నేర్చుకున్నది గుమ్మం దాటగానే వదిలేశాను.

కేసు షీట్ మీద మొదటి రోజు రాసుకున్న 'మామిడి తోపు' ఆ రాత్రి మళ్లీ కంటపడింది. ఏటా ఈ దారిన వెళ్లే పక్షులు దిగే తోపు అది. ఈ పిట్ట కూడా అక్కడ దిగుదామనే వచ్చి ఉంటుంది, వచ్చేసరికి అద్దం ఉంది. నిరూపించలేను గాని నా నమ్మకం అదే.

అంతరించిపోతున్న పిట్టేనా?

పిట్టను చూడటానికి ఆ బాబు రోజూ ఫోన్ చేయించేవాడు. ఒక రోజు అడిగాడు, "ఇది అంతరించిపోతున్న పిట్టా డాక్టర్ గారూ?" అని. కాదని నిజమే చెప్పాను. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ రెడ్ లిస్ట్‌లో పొన్నంగి పిట్ట 'లీస్ట్ కన్సర్న్' వర్గంలో ఉంది. "మరైతే పర్లేదుగా" అన్నాడు వాళ్ల నాన్న. చదువుకున్నవాళ్లు చాలామంది అలాగే అంటారు. మన పత్రికల్లో ఆ మాటను 'ఆందోళన అక్కర్లేనిది' అని రాస్తారు, దాంతో ఇంకేమీ చేయనక్కర్లేదన్న అర్థం వచ్చేస్తుంది.

రెడ్ లిస్ట్ చెప్పేది ఒకే ఒక్క సంగతి, ఆ జాతి మొత్తంగా భూమ్మీద నుంచి మాయమయ్యే ముప్పు ఎంత అని. ముప్పున్న వర్గాల్లో మొదటి మెట్టు ఎక్కాలంటే పదేళ్లలోనో మూడు తరాల్లోనో సంఖ్య 30 శాతమైనా పడిపోవాలి, లేదా విస్తరించిన ప్రాంతం 20,000 చదరపు కిలోమీటర్ల లోపు ఉండి అదీ తరుగుతూ ఉండాలి, లేదా పెద్ద పక్షులు 10,000 లోపు ఉండి తగ్గుతుండాలి. హిమాలయాల అంచు నుంచి శ్రీలంక దాకా పరుచుకున్న పక్షి ఈ మెట్లు ఎక్కదు. బెజవాడ చుట్టూ తోపులన్నీ పోయినా ఆ లెక్కలో గీత కదలదు.

దీని సోదరిని చూస్తే సంగతి తెలుస్తుంది. 1875లో ఎ.ఓ. హ్యూమ్, పదేళ్ల తర్వాత కాంగ్రెస్ స్థాపనలో ఉన్న ఆ హ్యూమే, బర్మా దక్షిణపు కొసన దొరికిన ఒక పిట్టకు గర్నీ పిట్టా అని పేరు పెట్టాడు. థాయిలాండ్, మయన్మార్ పల్లపు అడవుల్లో తప్ప అది ఎక్కడా లేదు. ఆ అడవులు కొట్టి రబ్బరు, ఆయిల్ పామ్ వేశారు. దశాబ్దాల పాటు ఎవరికీ కనబడక, 1986లో థాయిలాండ్‌లో మళ్లీ దొరికింది. 2003లో మయన్మార్‌లోనూ దొరికిందని సంతోషించేలోపే అక్కడి అడవి మీదా గొడ్డలి పడింది. ఇవాళ అది తీవ్ర ముప్పు వర్గంలో ఉంది. అది కూడా మన పిట్టలాగే రాలిన ఆకులు తిరగేసుకుని బతికేదే. దానికి పోయిందీ అదే ఆకుల నేల. కాకపోతే దానికి వేరే చోటు లేదు, మన పిట్టకు ఇంకా ఉంది. మన దగ్గర కలివికోడి కథ తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. అంతరించిందనుకున్న అదీ 1986లోనే కడప జిల్లా చిట్టడవిలో మళ్లీ దొరికింది, అదీ అదే తీవ్ర ముప్పు వర్గం.

కాబట్టి ఆ తండ్రికి నేనన్నది ఇది: "పేపర్లో దీనికి ముప్పు లేదు సార్. మీ వీధిలో మాత్రం దీనికి దిగే చోటు లేదు. రెండూ నిజమే." వైద్యం చేసే నాకు రెండోదే పనికొచ్చే నిజం. నేను వదలాల్సింది జాతిని కాదు, ఈ ఒక్క పక్షిని, ఈ వారం, ఈ ఊరి చుట్టుపక్కల ఎక్కడో ఒకచోట.

వాన కోసం ఆగడం

ఈసారి రెక్క సంగతి ముందు చూశాం. తెలిసినవాళ్ల మొక్కల నర్సరీలో ముప్పై మీటర్ల పొడవు షేడ్‌నెట్ పందిరి ఖాళీగా ఉంది. తెల్లవారుజామున, సాయంత్రం అక్కడ వదిలి, ఎత్తులో కొమ్మలు కట్టి, ఎంత ఎత్తుకు లేస్తుందో రాసుకున్నాం. ఏడో రోజు మనిషి ఎత్తు. పదో రోజుకి పైకప్పు తగిలేలా లేచి, మలుపు తిరిగి, ఎగపోత లేకుండా కొమ్మ మీద కూర్చుంది. బరువు 54.

చోటు కోసం నాలుగు చూశాను. మంగళగిరి కొండ దగ్గరే, కానీ రాయి, ముళ్ల తుప్పలు, మేలో ఎండిపోయిన నేల. నూజివీడు వైపు పాత మామిడి తోటల్లో నీడ, ఆకులు అన్నీ ఉన్నాయి, కానీ కాయ కోతల కాలం, మనుషుల సందడి, ఆ ఏడు కొట్టిన పురుగుమందులు. పురుగు తినే పక్షిని మందు కొట్టిన తోటలో వదలడానికి మనసొప్పలేదు. కరకట్ట లోపలి అరటి తోటల్లో వానపాములకు కొదవ లేదు, కానీ కుక్కలు ఎక్కువ. మిగిలింది కొండపల్లి రిజర్వు అడవి. ఊరికి ఇరవై కిలోమీటర్ల లోపు. ఆకురాల్చే అడవి, బొమ్మలు చెక్కే తెల్లపొణికి పెరిగేది ఇక్కడే. మేలో చాలా చెట్లు మోడులే, కానీ రాలిన ఆకంతా నేల మీదే ఉంటుంది, ఎవరూ ఊడ్వరు. వాగు పక్కన నీడ నిలిచే చోట్లు కొన్ని ఉన్నాయి. అటవీ శాఖ వాళ్లు చూపించిన వాటిల్లో ఒకదాని దగ్గర చేత్తో ఆకులు తీసి చూశాను. పైపొరలో ఏమీ లేదు. నేల గట్టిగా, పొడిగా ఉంది. పురుగులు లోతుకు వెళ్లిపోయాయి.

అందుకే వాన కోసం ఆగాం. అడుగడుగునా తొందరపడిన నేను ఈ కేసులో ఒక్కసారే ఆగాను. పదో రోజు రాత్రి ఈదురుగాలితో ఓ గంట దంచింది. పదకొండో రోజు మధ్యాహ్నం వెళ్లి చూస్తే అదే చోట ఆకు కింద నేల తడిగా ఉంది, చెదలు పైకొచ్చాయి. అక్కడక్కడా రెక్కలు రాల్చుకున్న ఉసిళ్లు పాకుతున్నాయి.

సాయంత్రం ఆరుంపావుకి, కాకులు గూళ్లకు చేరాక, 55 గ్రాముల పిట్టను పెట్టెతో సహా వాగు గట్టున పెట్టి, మూత తీసి, వెనక్కి జరిగాం. కాసేపు పెట్టె అంచు మీద నిలబడింది. కిందకు గెంతింది. రెండు ఆకులు తిరగేసి ఏదో తిన్నది. తర్వాత ఒక్క ఊపున లేచి, భుజం నీలం ఒకసారి మెరిసి, వాగు అవతల నీడలో కలిసిపోయింది. చీకటి పడేదాకా కూర్చున్నాం. మర్నాడు తెల్లారి మళ్లీ వెళ్లాను. కనబడలేదు. ఈలా వినబడలేదు. తర్వాత గుర్తుపట్టడానికి కాలికి ఉంగరం వేసే అనుమతి నాకు లేదు, కాబట్టి ఆ తర్వాత ఏమైందో ఈ రికార్డులో ఉండదు. చచ్చిన పక్షి ఆనవాలు ఆ చుట్టుపక్కల కనబడలేదు, నేను చెప్పగలిగింది అంతవరకే. చోటు ఎందుకు చెప్పనంటే, ఫోన్లో ఈల వినిపించి ఈ పిట్టలను బయటకు రప్పించి ఫొటోలు తీసేవాళ్లు పెరిగారు. అలసి దిగిన పక్షి, అక్కడ లేని ప్రత్యర్థి కోసం తిరుగుతూ తినాల్సిన పూట పోగొట్టుకుంటుంది.

తర్వాత మార్చుకున్నవి

అడవి పక్షి వస్తే కేసు షీట్ మీద 'ఎక్కడ వదలాలి' అన్న గడి మొదటి రోజే నింపుతున్నాను, మందుల గడి పక్కనే. వదిలే చోట చెట్టు పైకి కాదు, మోకాళ్ల మీద కూర్చుని ఆకు కిందకు చూస్తున్నాను. నేల మీద తినే పక్షయితే గిన్నె కంటే ముందు ఎండుటాకుల బస్తా తెప్పిస్తున్నాను, చెద కొయ్య దొరికితే అదీ. ఎగిరే పరీక్ష పొడవులో కాదు, ఎత్తులో చేస్తున్నాను.

అపార్ట్‌మెంటు వాళ్లతో రెండుసార్లు మాట్లాడాను. మెట్ల దగ్గర లైట్లు రాత్రి పదకొండు తర్వాత ఆపడానికి ఒప్పుకున్నారు. అద్దం మీద బయటి వైపు రెండంగుళాల ఎడంతో చుక్కల స్టిక్కర్లు అంటించమన్నాను, అందం పోతుందని కొందరు అడ్డుపడ్డారు. చివరికి కింది అంతస్తు వరకు అంటించారు. అది సగం పనే. పై అంతస్తు గురించి మళ్లీ అడుగుతాను. ఆవరణలో ఒక మూల రాలిన ఆకుల్ని ఊడ్వకుండా వదిలేయమంటే మాత్రం వాచ్‌మన్ భార్య వెంటనే సరేనంది. ప్రహరీ వెంట ఉన్న రెండు కానుగ చెట్ల కింద ఇప్పుడు ఆకులు అలాగే ఉంటున్నాయి.

అక్టోబరు మూడో వారంలో ఆవిడే ఫోన్ చేసింది. ఇంకో పిట్ట, అదే అద్దం, పై భాగం. బుట్ట బోర్లించి ఉంచానంది. 51 గ్రాములు, మెడ సరిగ్గానే ఉంది, దిమ్మ తిరిగిందంతే. దోమతెరలో ఆకుల మీద వదిలిన అరగంటకే తినడం మొదలుపెట్టింది. వానాకాలం వెళ్తూ వెళ్తూ నేలంతా తడిపి ఉంచింది, ఆగాల్సిన పని లేకపోయింది. మూడో రోజు సాయంత్రం ఆరింటికి అదే వాగు గట్టున పెట్టె మూత తీశాం.